స్టేషన్ దగ్గర ప్రయాణికుల చాపెల్: ఒక చిన్న గదిని ఎలా సిద్ధం చేయాలి

"స్టేషన్ దగ్గర మాకో గది ఖాళీగా ఉంది. దారిన పోయేవాళ్ళు కాసేపు ప్రార్థన చేసుకునేలా చాపెల్ చేద్దామనుకుంటున్నాం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" నెలకి రెండు మూడు సార్లైనా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తోంది. ఒకసారి లాడ్జి నడిపేవాళ్ళు అడుగుతారు, ఒకసారి సిస్టర్లు, ఒకసారి విచారణ (పారిష్) యువత. ప్రతిసారీ ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నాను. అందుకే నాకు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

విశాఖలో ఇలాంటి గది అవసరం చాలా ఉంది. ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి రోగుల్ని తీసుకొచ్చేవాళ్ళు, పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలు, పోర్టులో ఓడ దిగిన నావికులు, అరకు రైలు కోసం తెల్లవారుజామునే స్టేషన్‌కి చేరేవాళ్ళు, వీళ్ళందరికీ రెండు పనుల మధ్య కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ కాసేపు కూర్చోవడానికి చోటే దొరకదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బోస్టన్ ఎయిర్‌పోర్టులో 1951లోనే కేథలిక్ చాపెల్ పెట్టారు. జర్మనీలో ఆడెల్స్‌రీడ్ దగ్గర హైవే మీద వెళ్ళేవాళ్ళ కోసం 1958లో ఒకటి కట్టారు. అంత దూరం ఎందుకు, మన విశాఖ పాత ఊళ్ళోని రాస్ హిల్ చూడండి. 1864లో రాస్ అనే ఆయన కొండ మీద కట్టుకున్న ఇల్లే 1867లో చాపెల్ అయింది. ఇంటిని ప్రార్థనాలయంగా మార్చడం ఈ ఊరికి తెలిసిన పనే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. విచారణ గుడికి వచ్చేవాళ్ళకి గంట సమయం ఉంటుంది, పక్కన తెలిసినవాళ్ళుంటారు. ప్రయాణికుడికి పది నిమిషాలే ఉంటాయి, చేతిలో సంచి ఉంటుంది, ఎవరూ తెలియదు. కింద చెప్పే ప్రతి పనిలోనూ ఆ పది నిమిషాలనీ ఆ సంచినీ గుర్తుపెట్టుకోండి.

మాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. స్టేషన్ దగ్గర మేం ఇలాంటి గది తెరిచిన మొదటి నెలలో ఒకరోజు, పొద్దున ఆరు కూడా కాలేదు. ఒకావిడ వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. నెత్తిమీద సంచి, చేతిలో ఆసుపత్రి కాగితాల కవరు, కొంగు పట్టుకుని ఐదారేళ్ళ పిల్ల. లోపల మరియతల్లి ముందు కొవ్వొత్తి వెలుగుతోంది. చెప్పులు విప్పబోయింది, స్టాండు రోడ్డు వైపు ఉండటం చూసి మళ్ళీ వేసుకుంది. సంచి దించుదామని లోపలికి చూసింది. నేలంతా మేం కొత్తగా పరిచిన ఎర్ర కార్పెట్. దాని మీద తన సంచి పెట్టొచ్చో లేదో ఆమెకి తెలియలేదు. గుమ్మం బయటే సిలువ గుర్తు వేసుకుని, పిల్ల చేత కూడా వేయించి, వెళ్ళిపోయింది. నేను లోపల కుర్చీలో కూర్చునే ఉన్నాను. లేచి పిలిచేలోపు ఆటో ఎక్కేసింది. ఆ సాయంత్రమే కార్పెట్ తీసేశాం.

కావలసినవి

- రోడ్డు మట్టానికి ఉన్న గది. పది అడుగులకి పద్నాలుగు అడుగులైతే చాలు
- మోకాళ్ళ పలక ఉన్న బల్లలు రెండు, చేతుల్లేని కుర్చీలు నాలుగు, పెద్ద చాప ఒకటి
- చెక్క సిలువ ఒకటి, స్వరూపం (విగ్రహం) ఒకటి
- సంచులు పెట్టడానికి గోడ పొడుగునా తక్కువ ఎత్తు అరుగు లేదా బల్ల
- చెప్పుల స్టాండు, పక్కనే కూర్చుని బూట్లు విప్పడానికి స్టూలు
- చప్పుడు చేయని గోడ గడియారం
- ఇసుక పోసిన స్టీలు ట్రే
- ప్రార్థన కార్డులు, చీటీల పెట్టె
- వంతులవారీగా కూర్చునే మనుషులు కనీసం ఎనిమిది మంది

మైకు, స్పీకర్లు, ఏసీ ఈ జాబితాలో లేవు. కావాలని వదిలేశాను.

1. ముందు అనుమతి, తర్వాతే సున్నం

చాలామంది గదికి రంగులు వేసి, బోర్డు రాయించి, అప్పుడు ఫాదర్ గారి దగ్గరికి వెళ్తారు. వరస తిప్పండి. మొదట మీ ప్రాంతపు విచారణ గురువుల్ని కలవండి. స్టేషన్ వెనకవైపు జ్ఞానాపురంలోనే పునీత పేతురు కెథడ్రల్ ఉంది కాబట్టి ఆ చుట్టుపక్కల చాపెల్ అంటే వాళ్ళకి తెలియకుండా చేసే పని కాదు. ఆయన ద్వారా అగ్రపీఠాధిపతుల (ఆర్చిబిషప్) కార్యాలయానికి కాగితం పెట్టండి. గది కొలతలు, ఎవరు చూసుకుంటారు, ఏ వేళల్లో తెరుస్తారు అన్నవి రాస్తే చాలు.

1983 నాటి శ్రీసభ (కేథలిక్ చర్చి) చట్టం ప్రకారం ఇలాంటి ప్రార్థనాలయానికి అనుమతి ఇచ్చేముందు అధికారి తానైనా వచ్చి చూడాలి, లేదా ఇంకొకరినైనా పంపాలి. ఒకసారి అనుమతి వచ్చాక ఆ గదిని మీ ఇష్టప్రకారం మళ్ళీ స్టోర్ రూముగానో ఆఫీసుగానో మార్చడానికి లేదు. గది అద్దెదైతే ఈ సంగతి ఇంటి ఓనరుకి ముందే చెప్పండి. తర్వాత గొడవైతే మనసు విరిగిపోతుంది.

కాగితం వచ్చేదాకా బోర్డు మీద 'కేథలిక్ చాపెల్' అని రాయకండి. 'ప్రార్థన గది' అని రాసుకోవచ్చు.

దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఆశీర్వదించిన అప్పం, గదిలో ఉంచాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. దానికి విడిగా అనుమతి కావాలి. దాన్ని ఉంచే పెట్టె, అంటే మందసం, కదలకుండా బిగించి ఉండాలి, లోపలిది బయటికి కనపడకూడదు, తాళం ఉండాలి, తాళంచెవి బాధ్యత గల మనిషి దగ్గర ఉండాలి, ఎదుట దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. గురువులు వీలైనంతవరకు నెలకి రెండుసార్లైనా అక్కడ పూజ చేయాలి. నా సలహా ఏమిటంటే మొదటి ఏడాది వద్దు. ముందు గది నిలదొక్కుకోనివ్వండి. రోజంతా తలుపులు తెరిచి ఉండే చోట, చూసుకునే మనుషులు ఇంకా కుదురుకోకముందే అంత బాధ్యత తలకెత్తుకోకూడదు. ప్రార్థనకి సిలువ ముందు కూర్చున్నా లోటేమీ లేదు.

ఇంకో దారి: గది లేదా? స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న గుడి పక్క తలుపు రోజూ ఇంకో నాలుగు గంటలు తెరిచి ఉంచగలరేమో అడగండి. గుడులు రోజూ కొన్ని గంటలైనా ప్రార్థనకి తెరిచి ఉండాలని శ్రీసభ చట్టమే చెప్తోంది. కాపలాకి నలుగురు దొరికితే మీ చాపెల్ రేపే మొదలవుతుంది, పైసా ఖర్చుండదు. చాలాచోట్ల ఇదే మంచి దారి అని నేను నమ్ముతాను.

2. గది చూసుకోవడం

మేడ మీద గది ఎంత బాగున్నా వద్దు. సూట్‌కేసుతో మెట్లెక్కి ఎవరూ రారు. గుమ్మం ముందు ఒక్క మెట్టు ఉన్నా దాన్ని వాలుగా సిమెంటు చేయించండి. చక్రాల సూట్‌కేసుకీ, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళకీ అదే దారి.

గదిలోంచి రోడ్డు కనపడాలి, రోడ్డు మీంచి గది కనపడాలి. తలుపు పైసగం గాజుది పెట్టండి. ఒంటరిగా వచ్చిన ఆడపిల్ల తెలియని గదిలో అడుగుపెట్టాలంటే, లోపల ఎవరున్నారో ముందు తనకి కనపడాలి. గాజు పెడితే బయట రోలింగ్ షట్టరు కూడా పెట్టించండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో అద్దాలు ఏమయ్యాయో మనందరం చూశాం.

ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి ఖాళీ గదిలో ఊరికే కూర్చుని చూడండి. రైలు కూత వినపడితే ఫర్వాలేదు, ప్రయాణికుడికి అది ధైర్యంగా కూడా ఉంటుంది. పక్కన వెల్డింగ్ షాపు ఉంటే మాత్రం వేరే గది చూసుకోండి.

3. గుమ్మం, చెప్పులు, సంచి

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే.

చెప్పుల స్టాండు తలుపు లోపలి పక్కన పెట్టండి. కొత్త ఊళ్ళో చెప్పులు పోతే మనిషి ఎంత ఇబ్బంది పడతాడో ఆలోచించండి. అవి కనపడుతుంటే మనసు నిలుస్తుంది. పక్కన స్టూలు తప్పనిసరి, లేసుల బూట్లు వేసుకున్నవాళ్ళు ఒంటికాలి మీద నిలబడి తంటాలు పడతారు. బూట్లు విప్పలేని ముసలివాళ్ళనీ, కాలికి కట్టు ఉన్నవాళ్ళనీ అలాగే రానివ్వండి.

సంచుల అరుగు బల్లకి ఎదురుగానో పక్కగానో ఉండాలి. వెనక ఉంటే ఎవరూ వాడరు. కూర్చున్న మనిషి తల తిప్పకుండా తన సంచిని చూసుకోగలగాలి. అరుగు ఎత్తు మోకాలి కంటే తక్కువ ఉంటే బరువు ఎత్తక్కర్లేదు. మేం సంచులకి టోకెన్లు కూడా ఇచ్చి చూశాం. టోకెన్ జేబులో పెట్టుకున్నవాళ్ళు రెండు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. మానేశాం.

నేల కడగడానికి వీలుగా టైల్స్ గానీ షాబాదు బండలు గానీ ఉంచండి. కార్పెట్ వద్దు. ఎందుకో పైన చెప్పాను.

గడియారం సిలువ ఉన్న గోడకి వద్దు, పక్క గోడకి పెట్టండి. గుడిలో గడియారం ఏమిటని కొందరు పెద్దలు అంటారు. రైలున్న మనిషికి టైము కనపడకపోతే నిమిషానికోసారి ఫోన్ తీస్తాడు. ఫోన్ తీశాక ప్రార్థన అక్కడితో ఆగిపోతుంది.

ఛార్జింగ్ పాయింటు, మంచినీళ్ళు వరండాలో పెట్టండి, లోపల వద్దు. వరండా లేకపోతే నీళ్ళు మాత్రమే పెట్టండి.

4. లోపల ఏముండాలి

ఎదురు గోడ తెల్లగా ఉండాలి. దాని మీద ఒక సిలువ, పక్కన ఒక స్వరూపం. అంతే. విరాళంగా ఇస్తామని అందరూ పునీతుల స్వరూపాలు తెస్తారు. ప్రేమతో ఇచ్చేవే, కాదనడం కష్టం. అయినా మెత్తగా కాదనండి. పది స్వరూపాలుంటే అలసిన కన్నుకి ఎక్కడ నిలవాలో తెలియదు. మా గదిలో మరియతల్లినే ఉంచాం, ఈ ఊరికి వచ్చినవాళ్ళు వెతికేది ఆవిడనే. ప్రయాణికుల పాలకుడని పునీత క్రిస్టఫర్‌ని, తోబియాకి దారిలో తోడు నడిచిన రఫాయేలు దేవదూతని పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. అదీ బాగుంటుంది.

సిలువ మార్గం (క్రీస్తు శ్రమల పద్నాలుగు ఘట్టాల ధ్యానం) కావాలంటే పద్నాలుగు పెద్ద పటాలు అక్కర్లేదు. పద్నాలుగు చిన్న చెక్క సిలువలు వరసగా ఉంటే సరిపోతుంది. పటాలు ఆచారంగా జోడించేవే.

ఇక ఉప్పుగాలి సంగతి. సముద్రం పక్క ఊరు కాబట్టి ఇనుప వస్తువు ఏది పెట్టినా తుప్పు పడుతుంది. మేకులు, కొక్కేలు, తలుపు బందులు కూడా స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు పచ్చబడతాయి, వారానికోసారి చింతపండుతో తోమే ఓపిక ఉంటేనే తీసుకోండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ స్వరూపాలు చెమ్మకి పొరలు పొరలుగా ఊడతాయి. ఫైబర్ గానీ చెక్క గానీ మేలు. గోడకి చెమ్మ ఉంటే ముందు దాన్ని బాగుచేయించాకే రంగు వేయించండి, లేకపోతే ఒక్క వానాకాలంలో ఉప్పు పొంగి సున్నం రాలిపోతుంది.

బల్లలతో పాటు చాప మర్చిపోకండి. మన్యం నుంచి, పల్లెల నుంచి వచ్చే మనవాళ్ళలో చాలామందికి కింద కూర్చుంటేనే ప్రార్థనలా ఉంటుంది.

ట్యూబులైటు నేరుగా కళ్ళలో పడకూడదు. పసుపు రంగు ఎల్ఈడీ రెండు, గోడ వైపు తిప్పి పెట్టండి.

5. కొవ్వొత్తులు, దీవించిన నీళ్ళు

కొవ్వొత్తుల ట్రే ఫ్యాను గాలి తగలని మూల ఉండాలి. లేకపోతే వెలిగించినవాళ్ళ కళ్ళముందే ఆరిపోతుంది, అది చూసి మనసు కష్టపెట్టుకునేవాళ్ళు ఉన్నారు. బీచి ఇసుక పోయకండి. ఉప్పు వల్ల ట్రే పాడవుతుంది. ఏటి ఇసుక కడిగి ఆరబెట్టి పోయండి. కర్టెన్లు, ప్లాస్టిక్ పూలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. చేతికందే ఎత్తులో చిన్న అగ్నిమాపక సిలిండరు ఒకటి తగిలించండి.

దీవించిన నీళ్ళ గిన్నె చిన్నది పెట్టి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి. నిలవ ఉంటే దోమ గుడ్లు పెడుతుంది, విశాఖలో డెంగీ సంగతి మీకు తెలిసిందే. పాత నీళ్ళు మోరీలో పోయకుండా మొక్క మొదట్లో పోయండి.

6. ప్రార్థన కార్డులు, చీటీలు

ఒక్క కార్డు చాలు, రెండు వైపులా. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం, ప్రయాణం కోసం నాలుగు వాక్యాల ప్రార్థన. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు తప్పనిసరి. బెంగాలీ, తమిళం, మలయాళం వీలైతే చేర్చండి. ప్రింటుకి వెళ్ళేముందు ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషి చేత చదివించండి. ఫోన్లో తర్జుమా చేసి అచ్చు వేయించకండి. రోజూ చేసుకునే జపంలో ఒక్క మాట మారినా నోరు ఆగిపోతుంది.

కోరికలు రాసుకోవడానికి నోటుపుస్తకం పెట్టొద్దు. ఒకరి కష్టం ఇంకొకరు తిరగేసి చదువుతారు. చీలిక ఉన్న పెట్టె, పక్కన తెల్ల చీటీలు, దారం కట్టిన పెన్ను పెట్టండి. పేరు, ఫోన్ నంబరు అడగకండి. వారానికోసారి చీటీలు ఫాదర్ గారికి ఇచ్చి పూజలో సమర్పించమనండి, తర్వాత కాల్చేయండి.

7. కూర్చునే మనుషులు

ఒక్కొక్కరికి రెండు గంటల వంతు. వాళ్ళకి మొదట చెప్పాల్సింది ఏం చేయకూడదో.

"ఏ ఊరండీ, ఏ విచారణండీ, ఏమైందండీ" అని అడగకూడదు. కరపత్రాలు చేతిలో పెట్టకూడదు. వచ్చినవాళ్ళు కేథలిక్కులా కాదా అని చూడకూడదు. పాత ఊళ్ళో మేరీమాత కొండ (రాస్ హిల్), దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ పక్కపక్కనే ఉన్నాయి. మొక్కున్నవాళ్ళు ఏ కొండైనా ఎక్కుతారు. మీ గదికి కూడా అందరూ వస్తారు. వచ్చినవాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వండి. గ్లాసుతో నీళ్ళు పక్కన పెట్టి మీ కుర్చీకి వెళ్ళిపోండి. వాళ్ళే మాట్లాడితే వినండి.

కూర్చునేవాళ్ళ బల్ల దగ్గర నంబర్ల కాగితం ఒకటి అంటించండి: రైల్వే 139, పోలీసు 112, అంబులెన్స్ 108, మహిళలకి 181, పిల్లలకి 1098. తప్పిపోయిన పిల్లలు, దారి తెలియని ముసలివాళ్ళు ఏదో ఒకరోజు తప్పక వస్తారు. అప్పుడు నంబరు వెతుక్కోకూడదు.

కెమెరా పెడితే గుమ్మం వైపే తిప్పండి. మోకరించిన మనిషి ముఖం మీద వద్దు. విరాళాల పెట్టె లేకపోయినా నడుస్తుంది. ఉంటే గోడకి బిగించి, ప్రతి సాయంత్రం ఇద్దరు కలిసి తెరిచి, పుస్తకంలో రాసి సంతకం పెట్టండి.

8. వేళలు, బోర్డు, మ్యాపు

తొమ్మిదింటికి తెరిస్తే ఉపయోగం లేదు. రాత్రి రైళ్ళు దిగేవాళ్ళు తెల్లవారుతూనే వస్తారు. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు ఎక్కేవాళ్ళూ అప్పుడే. ఐదింటికి తెరవండి. రోజంతా కుదరకపోతే ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది. రాసిన వేళకి తలుపు తెరిచి తీరాలి. మూసిన తలుపు చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు, ఇంకో నలుగురికి కూడా చెప్తారు.

బోర్డు మీద 'స్టేషన్ ముందు వైపు' లేదా 'జ్ఞానాపురం వైపు' అని పెద్దగా రాయండి. రెండింటి మధ్య పట్టాలున్నాయి, ఆటోలో చుట్టి రావాలి. మేం మొదట మ్యాపులో గుర్తు ఐదారు వందల మీటర్లు తప్పు పెట్టాం, వచ్చినవాళ్ళు పట్టాలకి అవతల నిలబడి ఫోన్ చేశారు. రోడ్డు మీద బాణం గుర్తు బోర్డు పెట్టాలంటే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి తీసుకోండి. ఆటోవాళ్ళకి 'చర్చి' అని చెప్తే ఏ చర్చికైనా తీసుకెళ్తారు. 'ఆర్‌సీఎం' (రోమన్ కేథలిక్ మిషన్) అన్న మాట బోర్డులో ఉంటే దారి తప్పరు.

రైలు ఇంజను మార్చుకోవడానికి ఆగిన ఆ ఇరవై నిమిషాల్లో పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళని ఆపండి. గంటన్నర కంటే తక్కువ ఉంటే ప్లాట్‌ఫారం వదలొద్దని బోర్డులోనే రాయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మైకులో రోజంతా పాటలు పెట్టడం మొదటిది. రైల్లో పది గంటలు చప్పుడులో కూర్చుని వచ్చిన మనిషికి మీరు ఇవ్వగలిగింది నిశ్శబ్దమే. రెండోది, గోడల నిండా నిబంధనలు అంటించడం. 'ఇది చేయరాదు, అది తాకరాదు' అని ఐదు కాగితాలుంటే ఆసుపత్రి వరండాలా ఉంటుంది. 'ఇక్కడ మౌనంగా కూర్చోండి' అని ఒక్కటి చాలు. మూడోది దాతల పేర్ల రాళ్ళు. వరండాలో పెట్టుకోవచ్చు, సిలువ పక్కన వద్దు. నాలుగోది, ప్రారంభం ఘనంగా చేసి మూడో నెలకి వంతుల్లో ఇద్దరే మిగలడం. ఎనిమిది మంది లేకపోతే వేళలు తగ్గించండి, తలుపు మాత్రం చెప్పిన టైముకి తెరవండి.

సరిగా ఉందో లేదో చూసుకోవడం

తెరిచే ముందు ఈ పరీక్ష చేయండి. పదిహేను కిలోల సంచి పట్టుకుని స్టేషన్ నుంచి నడిచి రండి. ఎవరినీ అడగకుండా బోర్డులు చూసే రావాలి. గుమ్మం నుంచి బల్ల మీద కూర్చునేదాకా ఎంతసేపు పట్టిందో చూడండి. ఒక నిమిషం దాటితే చెప్పుల దగ్గరో సంచి దగ్గరో తప్పుంది. కూర్చున్నాక సంచి కనపడుతోందా? టైము కనపడుతోందా? మే నెల మధ్యాహ్నం పది నిమిషాలు ఉండగలిగారా? తర్వాత ఇదే పని డెబ్భై దాటిన పెద్దావిడ చేత, ఈ ఊరు ఎప్పుడూ చూడని మనిషి చేత చేయించండి. మీరు మధ్యలో మాట్లాడకుండా దూరంగా నిలబడి చూడండి.

తెరిచాక వచ్చినవాళ్ళ పేర్లు రాయక్కర్లేదు. సాయంత్రం ట్రేలో ఎన్ని కొవ్వొత్తులు కరిగాయో, పెట్టెలో ఎన్ని చీటీలున్నాయో చూస్తే చాలు. ఇంకొక గుర్తు ఉంది. వంతులో ఉన్నవాళ్ళని రోజూ ఒక ప్రశ్న అడగండి: గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా వెళ్ళినవాళ్ళు ఎంతమంది, ఎక్కడ ఆగారు? ఆగిన చోటు నేల మీద సుద్దతో గుర్తు పెట్టించండి. ఒకే చోట మూడు గుర్తులు పడితే, అక్కడున్న వస్తువుని ఆ రాత్రే జరపండి.